తెలీదంటే నమ్మని ఊరు

భూకంపాల పరిశోధన శాఖలో సర్వీసంతా గడిపి, రిటైరై, ఇప్పుడు మదనపల్లెలో ఉంటున్నాను. ఊళ్ళో కాలేజీల వాళ్ళు అప్పుడప్పుడు పిలిచి పిల్లలకు నాలుగు మాటలు చెప్పమంటారు. వెళ్తాను. నన్ను పరిచయం చేసేవాళ్ళు మైకు ముందు ఎప్పుడూ ఒకటే మాట అంటారు: "భూకంపం వస్తుందని ముందే పసిగట్టి బడిపిల్లల్ని కాపాడిన మేడమ్." నేను లేచి, అది నిజం కాదనీ, నాకు ముందుగా ఏమీ తెలియదనీ చెబుతాను. అందరూ చప్పట్లు కొడతారు, నా వినయానికి.

అందుకే జరిగింది జరిగినట్టు ఒకసారి రాసి పెడుతున్నాను. ఈ ఉద్యోగంలోకి రావాలనుకునే పిల్లలెవరైనా చదువుతారని ఆశ. చదివాక రావడం మానుకున్నా నాకు అభ్యంతరం లేదు.

మా పని చెప్పడం తేలికే. భూమి కదిలాక, ఎక్కడ కదిలింది, ఎంత లోతున, ఎంత గట్టిగా అన్నది చెబుతాం. ఎప్పుడు కదులుతుందో ముందుగా చెప్పలేం. మేమే కాదు, ఏ దేశం వాళ్ళూ చెప్పలేరు. ఫలానా చోట నేల కింద ఒత్తిడి పెరుగుతోంది, ఏదో ఒకనాడు పెద్దది వస్తుంది, అన్నంతవరకే మా శాస్త్రం. ఆ ఒకనాడు రేపు కావచ్చు, నా మనవరాలికి మనవరాలు పుట్టాక కావచ్చు. ఈ మాట వినగానే ఎదుటివాళ్ళ ముఖం ఎలా మారుతుందో నాకు బాగా తెలుసు. డాక్టరు నాడి చూసి, "మీరు ఎప్పుడో ఒకప్పుడు పోతారు" అని చెప్పి ఫీజు తీసుకుంటే ఎలా ఉంటుందో అలా ఉంటుంది.

పుంగనూరులో పుట్టినదాన్ని. నేల అంటే కదలనిది అనే నమ్మకంతో పెరిగినదాన్ని. నా మొదటి పోస్టింగు మాత్రం హిమాలయాల అంచున ఒక చిన్న పట్నంలో పడింది. సర్వీసులో సగం అక్కడే గడిచింది. అక్కడ నేల కదలడం వార్త కాదు. మా పరికరం సూది రోజూ ఏదో ఒకటి గీస్తూనే ఉండేది. మా పెద్దాఫీసరు ఏటేటా "ఈ ప్రాంతంలో పెద్ద భూకంపం రావలసి ఉంది" అని పైకి రాసి పంపేవారు. ఏటేటా ఆ మాట నిజమే. ఏటేటా అది రాలేదు. ఆయన రిటైరై, దండలు వేయించుకుని, సొంతూరికి వెళ్ళిపోయిన కొన్నాళ్ళకు వచ్చింది.

ఆ పొద్దున నేను డ్యూటీలో ఉన్నాను. అంతకు ముందు వారమంతా సూది ప్రశాంతంగా ఉంది. ఆ ప్రశాంతతే హెచ్చరిక అని తర్వాత మా వాళ్ళలోనే ఒకాయన అన్నాడు. అంతకు ముందు ఎన్నోసార్లు అంతే ప్రశాంతంగా ఉండి ఏమీ రాలేదన్న సంగతి ఆయనకు గుర్తు లేదు. నేల ఊగినప్పుడు సూది కాగితం దాటి పోయింది. ఆ తర్వాత ఏమైందో పరికరం చెప్పలేదు, కిటికీలోంచి కనిపించింది.

మా ఆఫీసుకు రోజూ టీ తెచ్చే కొట్టాయన ఆ భూకంపంలో తన తమ్ముణ్ణి పోగొట్టుకున్నాడు. కొన్ని రోజుల తర్వాత మామూలుగానే టీ తెచ్చి నా బల్ల మీద పెట్టి, మెల్లగా అడిగాడు. "మేడమ్, మీకు తెలిసే ఉంటుంది కదా. చెప్పొద్దని పైవాళ్ళు ఆపారు, అంతేనా?"

తెలియదని చెప్పాను. ఆయన తలూపాడు. "మీరు అలాగే చెప్పాలి. ఉద్యోగం కదా" అన్నాడు. కోపంగా అనలేదు. మేం తెలిసి దాచామంటే క్షమించడానికి ఆయన సిద్ధంగా ఉన్నాడు. మాకూ తెలియదంటే మాత్రం ఆ దుఃఖాన్ని ఎక్కడ పెట్టుకోవాలో ఆయనకు తోచలేదు. తర్వాత నేను అక్కడున్నన్నాళ్ళూ ఆయన టీ తెస్తూనే ఉన్నాడు, నేను దాచానని నమ్ముతూనే ఉన్నాడు.

రిటైర్మెంటుకు కొన్నేళ్ళ ముందు హైదరాబాదుకు బదిలీ అయింది. "మీది చిత్తూరు జిల్లా కదా, అక్కడి భాష తెలుసు" అని ఆ వైపు ఏ పనొచ్చినా నన్నే పంపేవారు. మొదటిసారి కుప్పం పంపారు. అక్కడ కొన్ని ఊళ్ళలో తరచుగా నేల అదురుతోందని ఫిర్యాదు. నాతో ఒక యువ శాస్త్రవేత్త వచ్చాడు. వయసులో నా కొడుకులాంటివాడు, హోదాలో నాకు పైవాడు. ఉత్తరాది మనిషి కావడంతో తెలుగు ఒక్క ముక్క రాదు. పరికరాలు పెట్టి చూశాం. నేల రోజూ మధ్యాహ్నం భోజనాల వేళకు అదురుతోంది. ఆదివారం అదరడం లేదు. వారానికో సెలవు తీసుకునే భూకంపాన్ని నేను హిమాలయాల్లో చూడలేదు. వెళ్ళి వెతికితే, గుట్ట అవతల గ్రానైటు క్వారీలో పనివాళ్ళు భోజనానికి లేచాక మందు పెట్టి పేలుస్తున్నారు. ఆ మాట చెప్పి వచ్చేశాం. నా సర్వీసు మొత్తంలో అవునా కాదా అన్న ప్రశ్నకు నేను సూటిగా జవాబు చెప్పింది అదొక్కసారే. దాని ఫలితం తర్వాత అనుభవించాను.

ఆ మరుసటి ఏడాది పుంగనూరు వైపు వానలు దంచి కొట్టాయి. సదుం దాకా చెరువులన్నీ నిండి మొరవ పొంగి పోయాయి. ఏళ్ళ తరబడి ఎండిపోయిన బోర్లు మోటారు వేయకుండానే నీళ్ళు పోశాయి. జనం సంతోషించడానికి ఒకటి రెండు వారాలే దొరికాయి. తర్వాత నేల కింద మోత మొదలైంది. నీళ్ళు లోపలి బండల పగుళ్ళలోకి దిగి, ఎప్పటినుంచో పట్టుకుని ఉన్న బండను కాస్త జార్చినప్పుడు అలా అవుతుంది. లోతు తక్కువ కాబట్టి కదలిక చిన్నదైనా చప్పుడు పెద్దది. పిడుగు పైనుంచి కాక కిందనుంచి పడినట్టు ఉంటుంది. గిన్నెలు దొర్లాయి, గోడలు నెర్రెలిచ్చాయి. సదుం దారిలో ఒక ఊరైతే మొత్తం ఇళ్ళు వదిలేసి, పొలాల గట్ల మీద పట్టలు కట్టుకుని, తడి నేల మీద మంచాలేసుకుంది. చలికి పిల్లలంతా దగ్గుతున్నారు.

నన్నూ, ఆ యువ శాస్త్రవేత్తనూ పంపారు. పరికరాన్ని ఒక ముసలావిడ పెరట్లో, ఆవుల కొట్టం పక్కన గుంత తీసి పెట్టాం. ఆవిడ కొడుకు టమోటా లారీ మీద మదనపల్లె మార్కెట్టుకు తిరిగేవాడు. కోడలు, మనవలు, ఆవులు ఆవిడ బాధ్యత. గుంత తవ్వుతున్నంతసేపూ నిలబడి చూసి, చివరికి అడిగింది.

"దీంట్లో తెలుస్తాదా అమ్మా, ఎబ్బుడు వచ్చేది?"

"వచ్చినాక తెలుస్తాదమ్మా."

"వచ్చినాక మాకూ తెలుస్తాది గదా" అంది.

నా భాషలో ఆ ఊరి యాస వినిపించేసరికి ఆవిడకు నా మీద గురి కుదిరింది. కానీ ఆ గురి ఎటు పోతుందో అప్పుడు నాకు తెలియలేదు. ఆ రోజు నుంచీ ఊళ్ళో ఎవరు కనిపించినా అదే ప్రశ్న, నాది అదే జవాబు. మా యువకుడు నేర్చుకున్న మొదటి తెలుగు మాట "తెలీదు". నా నోట అన్నిసార్లు విన్నాడు మరి.

ఇంతలో మదనపల్లెలో ఒకాయన, ఫోన్లో వీడియోలు పెట్టే మనిషి, అమావాస్య నాడు అతి పెద్ద భూకంపం వస్తుందని ప్రకటించాడు. గ్రహాల లెక్క వేశానన్నాడు. మాకు లేని సౌకర్యం ఆయనకుంది. తప్పయినా అడిగేవాళ్ళు లేరు. మర్నాడు పొద్దున్నే తహసీల్దారు జీపులో వచ్చాడు. చెడ్డవాడు కాదు. నిద్ర లేని కళ్ళతో, ఫోను చెవికి ఆనించుకునే దిగాడు.

"మేడమ్, అమావాస్యకు వస్తాదంట. వస్తాదా, రాదా? ఒక్క మాట చెప్పండి, ఊరూరా మైకులో చెప్పిస్తా."

"వస్తుందని చెప్పలేను సార్. రాదనీ చెప్పలేను."

"కుప్పంలో చెప్పినారు గదా?"

"అది క్వారీ సార్."

"ఏదైతేనేం మేడమ్, చెప్పినారు గదా."

ఆయనకు వివరించడానికి ప్రయత్నించాను. ఇలాంటి చిన్నవి వందల్లో వచ్చి వాటంతటవే ఆగిపోవడం మామూలు. ఎప్పుడైనా ఒకసారి వాటి వెనక పెద్దది రావచ్చు. అప్పుడు ముందు వచ్చినవాటిని ముందస్తు ప్రకంపనలు అంటాం. కానీ ఆ పేరు పెట్టడం పెద్దది వచ్చాకే వీలవుతుంది. ఆయన ఓపిగ్గా విని, "అంటే వస్తాదా?" అన్నాడు.

నాకు తెలిసింది మరొకటి ఉంది, అది చెప్పాను. వానకు నానిన మట్టిగోడల మీద రాతి పలకల మిద్దెలున్న ఇళ్ళు ఊళ్ళో చాలా ఉన్నాయి. చిన్న అదురుకే అవి కూలవచ్చు. ఇంటింటికీ తిరిగి చూసి, వాటిలో ఉన్నవాళ్ళను గట్టి కప్పు ఉన్న చోటుకు మార్చి, మిగతావాళ్ళను ఇళ్ళకు పంపండి అన్నాను.

"అదైతే ఇంటింటికీ పోవాల మేడమ్. మా దగ్గర మనుషులు యాడున్నారు? మీరు వస్తాదనో రాదనో అంటే ఒక్క మాటతో పోతాది" అని నిట్టూర్చి జీపెక్కాడు.

అమావాస్య వచ్చింది, పోయింది. రోజూ వచ్చే చిన్న మోతలు కూడా ఆ రోజు రాలేదు. జనం చేసిన పూజల వల్ల గండం వాయిదా పడిందని ఆ వీడియోల మనిషి ఇంకో వీడియో పెట్టాడు. పట్టల కింద జనం కదల్లేదు. అప్పుడు మా యువకుడికి ఒక ఆలోచన వచ్చింది. భయం పోవాలంటే భూకంపం వస్తే ఏం చెయ్యాలో నేర్పించాలి, బడిలో మాక్ డ్రిల్ పెడదాం అన్నాడు. తహసీల్దారు ఎగిరి గంతేసినంత పని చేశాడు. డ్రిల్ అంటే తేదీ ఉంటుంది, సమయం ఉంటుంది, ముఖ్య అతిథి ఉంటారు. తహసీల్దారు కోరుకున్న భూకంపం అదే.

బడికి రెండు భవనాలున్నాయి. కొత్తదాంట్లో మధ్యాహ్న భోజనం బియ్యం పెట్టి తాళం వేశారు, తాళంచెవి ఉన్న మనిషి తిరుమలకు వెళ్ళాడు. కాబట్టి పాత భవనంలోనే అన్నారు. నేను వెళ్ళి గోడలన్నీ తట్టి చూశాను. వరండా నాకు నచ్చలేదు, పెచ్చులూడుతోంది. దాని కింద ఎవరూ నిలబడవద్దన్నాను. గదులు ఫరవాలేదన్నాను. అంబులెన్సు సైరన్ మోగగానే పిల్లలు గదుల్లో బెంచీల కింద దూరాలి, రెండో సైరన్‌కు వరుసగా బయటికి రావాలి. వారం రోజులు నేర్పించాం. సైరన్ అంటే బెంచీ కిందికి అని పిల్లలకు నిద్రలో కూడా గుర్తుండేలా నేర్పించాం.

ఆ రోజు పొద్దున పిల్లలు ఉతికిన బట్టలేసుకుని గదుల్లో కూర్చున్నారు. ఊరంతా బడి మైదానంలో చేరింది. సమయం దాటింది, ముఖ్య అతిథి రాలేదు. తహసీల్దారు ఫోన్లో కనుక్కుని, "బయల్దేరినారంట" అన్నాడు. కాసేపటికి మళ్ళీ కనుక్కుని, "ఇంగ బయల్దేరతారంట" అన్నాడు. చివరికి సదుం దాటారని కబురొచ్చింది. హెడ్‌మాస్టరుకు కంగారు పుట్టింది. పెద్దమనిషి వస్తుంటే గేటు దగ్గర ఎవరూ లేకపోతే బాగుండదని, పిల్లలందర్నీ గదుల్లోంచి లేపి, చేతికో బంతిపువ్వు ఇచ్చి, రోడ్డు పక్కన వరుసగా నిలబెట్టాడు. "ఆయన పోతానే మళ్ళీ లోపలికి పోయి కూర్చోండి" అని చెప్పాడు. ఎండ కొడుతోంది. నాకు విసుగ్గా ఉంది. డ్రిల్ క్రమమంతా పాడవుతోందని మా యువకుడితో హిందీలో గొణిగాను.

అప్పుడు వచ్చింది.

ముందు మోత. అంతవరకూ విన్నవాటికంటే చాలా పెద్దది. తర్వాత కాళ్ళ కింద నేల ఒక్కసారి పైకి తన్ని, పక్కకు లాగినట్టయింది. హిమాలయాల్లో చూసినదాంతో పోలిస్తే అదొక తుమ్ము. కానీ మా వెనక బడిలోంచి పెళపెళమని చప్పుడై దుమ్ము లేచింది. క్షణం పాటు ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. తర్వాత పిల్లలు చప్పట్లు కొట్టారు. డ్రిల్ చాలా బాగా చేశారనుకున్నారు.

"ఇంకా మొదలు కాలేదు. ఎవరు మొదలుపెట్టినారు?" అని హెడ్‌మాస్టరు అరిచాడు.

అంబులెన్సు డ్రైవరు తన వంతు దాటిపోయిందేమోనని గబగబా సైరన్ వేశాడు.

సైరన్ వినగానే పిల్లలు మేం వారం రోజులుగా నేర్పిందే చేశారు. బంతిపూలు పారేసి, బెంచీల కింద దూరడానికి గదుల వైపు పరుగెత్తారు. ఆ పరుగు నాకు ఇప్పటికీ కళ్ళ ముందు కనిపిస్తుంది. నేను ఆగండని అరుస్తూ అడ్డంగా వెళ్ళాను, నా గొంతు సైరన్‌లో కలిసిపోయింది. మా యువకుడు నాకంటే ముందు గుమ్మం చేరుకున్నాడు. రెండు చేతులూ చాచి అడ్డంగా నిలబడ్డాడు. ఆగమని తెలుగులో ఎలా చెప్పాలో అతనికి రాదు. వచ్చిన ఒక్క మాటనే గొంతు చించుకుని అరిచాడు.

"తెలీదు, తెలీదు, తెలీదు."

పిల్లలు ఆగిపోయారు. అతను ఎందుకలా అంటున్నాడో తెలియక ఆగారు. ముందువాళ్ళు ఆగితే వెనకవాళ్ళు వాళ్ళ మీద పడ్డారు, కొందరు నవ్వారు. ఆలోగా టీచర్లు, తల్లులు వచ్చి పట్టుకున్నారు.

దుమ్ము తగ్గాక లోపలికి తొంగి చూశాను. నేను భయపడిన వరండా చెక్కుచెదరలేదు. నేను ఫరవాలేదన్న గదుల్లో ఒకదాని కప్పు సగం ఊడి మూడో తరగతి బెంచీల మీద పడి ఉంది. కొన్ని బెంచీలు నిలిచాయి, కొన్ని విరిగాయి. పిల్లలు వాటి కింద ఉండి ఉంటే ఎవరెవరు బతికేవారో నేను చెప్పలేను. మా పథకం ప్రకారమైతే వాళ్ళు సరిగ్గా అక్కడే ఉండాలి. పెద్దమనిషి టైముకు వచ్చి ఉంటే మా డ్రిల్ పథకం ప్రకారం జరిగేది.

ఆయన ఆ తర్వాత వచ్చాడు. రాలిపోయిన బంతిపూల మధ్య నిలబడి, ఇంత సహజంగా జరిగిన డ్రిల్‌ను తానెక్కడా చూడలేదని మెచ్చుకున్నాడు. నిజం చెవిలో చెప్పాక ముఖం తెల్లబోయింది. అయినా ప్రసంగం ఆపలేదు.

సాయంత్రానికి ఊరు ఒక నిర్ణయానికి వచ్చేసింది. ముసలావిడ నా కోసం పెరట్లో ఎదురుచూస్తోంది. నా రెండు చేతులూ పట్టుకుంది. ఆవిడ మనవరాలు మూడో తరగతి.

"సెప్పకూడదని గమ్మున ఉంటివి. పిల్లోళ్ళను మాత్రం బయటికి తోలిస్తివి" అంది.

"నేను తోలలేదమ్మా. హెడ్‌మాస్టరు తోలినాడు. ఆ పెద్దమనిషి లేటుగా వచ్చినాడని."

"ఆయన్ని లేటుగా రమ్మని నువ్వే సెప్పినావంట గదా."

ఎవరు చెప్పారని అడిగితే, ఊరంతా అంటోంది అంది. నేను ఎంత కాదంటే అంత అవునైంది. నాకు తెలుసనడానికి నా కాదనడమే సాక్ష్యమైంది. మా పై ఆఫీసుకు ఉన్నదున్నట్టు రాశాను. అక్కడి నుంచి, సకాలంలో తీసుకున్న చర్యకు అభినందనలు వచ్చాయి. మదనపల్లె వీడియో ఆయన, తన లెక్కా మేడమ్ లెక్కా ఒకటేనని చెప్పుకున్నాడు. గుమ్మంలో నిలబడి నిజంగా పిల్లల్ని ఆపినవాణ్ణి గురించి ఎవరూ ఒక్క మాట అనలేదు. అదేమిటని నేను బాధపడితే, "మేడమ్, వాళ్ళకు నేను చెప్పింది ఒకటే. అది వాళ్ళకు అక్కర్లేని మాట" అని నవ్వాడు.

కొద్ది రోజులకు మాకు హైదరాబాదు నుంచి వెనక్కి రమ్మని పిలుపు వచ్చింది. పరికరం ఒక్కటి అక్కడే వదిలి, మిగతా సామాను జీపులో పెడుతున్నాం. పెట్టడం పూర్తి కాకముందే ఊళ్ళో కలకలం. నేనున్నానన్న ధైర్యంతో అప్పుడప్పుడే ఇళ్ళలోకి వెళ్ళినవాళ్ళు కూడా మంచాలు, ఆవులు, గ్యాసు సిలిండర్లతో మళ్ళీ గట్ల మీదికి చేరారు. పక్క ఊళ్ళకు ఫోన్లు పోయాయి. మేడమ్ పోతాంది అంటే ఏదో వస్తాంది అని. మధ్యాహ్నానికి తహసీల్దారు వచ్చి జీపుకు అడ్డంగా నిలబడ్డాడు.

"మీరు పోవద్దండి మేడమ్. ఏమీ చెప్పొద్దు, ఏమీ చెయ్యొద్దు. ఈడ ఒక ఇంట్లో పండుకుంటే చాలు."

"నేను పండుకుంటే భూకంపం ఆగుతుందా సార్?"

"భూకంపం ఎవరిక్కావాల మేడమ్. జనం లోపలికి పోతారు. పిల్లోళ్ళకు జ్వరాలు వస్తాండాయి."

నా సంచి జీపులోంచి దింపుకున్నాను. మా యువకుడు పై ఆఫీసుతో మాట్లాడి నన్ను అక్కడే ఉంచి, తాను వెళ్ళిపోయాడు. ముసలావిడ ఇంట్లో ముందు గది రేకులది. గోడలు పొట్టివి, ఇటుకవి. పడినా ప్రాణం తియ్యని కప్పు. నేను ఉండడానికి ఒప్పుకున్నది అది చూసుకునే.

అలా మొదలైంది నా ఉద్యోగ జీవితంలో అతి ముఖ్యమైన ఘట్టం. రోజూ మధ్యాహ్నం రాగిసంగటి, ఊరిబిండి తిని, తలుపు బార్లా తీసి, ఊరందరికీ కనబడేలా మంచం మీద పడుకునేదాన్ని. దారిన పోయేవాళ్ళు తొంగి చూసి వెళ్ళేవాళ్ళు. నేను లోపలే ఉన్నానని తేలాక వాళ్ళూ ఇళ్ళకు వెళ్ళేవాళ్ళు. వరండాలో కాస్త గాలికి కూర్చున్నా ఊరు కదిలేది, అందుకని ఉక్కపోసినా లోపలే ఉండేదాన్ని. ఒక్క లాభం మాత్రం కలిగింది. నానిన గోడల ఇళ్ళలోకి గోడలారే దాకా వెళ్ళవద్దని మళ్ళీ చెప్పాను. ఈసారి మారు మాట్లాడకుండా విన్నారు. కొత్త బడి భవనం తాళంచెవి కూడా దొరికింది. నాకు నిజంగా తెలిసినదాన్ని మొదట ఎవరూ పట్టించుకోలేదు. నాకు తెలియనిది తెలుసని నమ్మాక, తెలిసినదాన్ని కూడా విన్నారు.

మోతలు పలచబడ్డాయి. నా వల్ల కాదు. వాటికవే పలచబడతాయి, ఒక్కోసారి. పట్టలు ఒక్కొక్కటిగా విప్పారు. పిల్లల దగ్గు తగ్గింది.

ఒక మధ్యాహ్నం పడుకుని ఉండగా కింద మళ్ళీ మోత పుట్టింది. ఇంత దగ్గరగా అంతవరకూ రాలేదు. రేకులు గలగలలాడాయి, గూట్లో స్టీలు గిన్నెలు కింద పడ్డాయి, మంచం కాలు నేల మీద జరిగింది. తలుపు దగ్గరే ఉంది. లేచి బయటికి వెళ్ళాలి. తలుపు దగ్గర్లో ఉంటే బయటికే పొమ్మని సర్వీసంతా నేను అందరికీ చెప్పాను. కానీ నేను వాకిట్లో కనబడితే, ఈ ఊరు మళ్ళీ ఎప్పటికి లోపలికి వస్తుంది? లేవకపోతే, ఇది ఇంకా పెరిగితే? వచ్చింది అయిపోయిందా, ఇప్పుడే మొదలైందా? నా చదువు, నా పరికరం, నేను గడిపిన అన్ని ఏళ్ళు ఆ ప్రశ్నకు ఒక్క అక్షరం జవాబు చెప్పలేదు. ధైర్యంతో ఆగానని చెప్పుకోవాలని ఉంది. నిజానికి ఏ సంగతీ తేల్చుకోలేక ఆగిపోయాను. తేల్చుకునేలోగా అదే ఆగింది.

తల తిప్పి చూస్తే గుమ్మంలో ముసలావిడ నిలబడి ఉంది. గడ్డి మోపు చేతిలోంచి జారి కింద పడింది, ఆవిడ దాన్ని చూసుకోలేదు. నన్నే చూస్తోంది.

"లేస్తావేమో అని సూస్తాండా" అంది.

"లేవలేదు గదమ్మా."

"ఇది వస్తాదని తెలుసునా నీకు?"

"తెలీదు."

"నిలిసిపోతాదని?"

"అదీ తెలీదు."

ఆవిడ లోపలికి వచ్చి, మంచం పక్కన నేల మీద కూర్చుంది. నా ముఖంలోకి చాలాసేపు చూసింది. నా భయాన్ని నేను దాచుకోలేదు.

"మరి ఆ పొద్దు బడికాడ?"

"అబ్బుడూ తెలీదమ్మా. ఆ పెద్దమనిషి లేటుగా వచ్చినాడు. అంతే."

"ఏమీ తెలీకుండానే ఇన్ని దినాలు ఈడ పండుకోనుండావా?"

"ఊఁ."

"నిన్ను సూసి ఊరంతా పండుకునె గదా" అంది. అది నింద కాదు. ఏదో లెక్క చూసుకుంటున్నట్టు మెల్లగా అంది. కాసేపటికి లేచి, గిన్నెలు ఏరి గూట్లో పెట్టి, గడ్డి మోపు ఎత్తుకుని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం ఆవుల పాలు పిండాక, ఆవిడ తన మంచాన్ని రాతి మిద్దె ఉన్న పెద్దింట్లోంచి ఈడ్చుకొచ్చి పెరట్లో, ఏ గోడకూ అందనంత దూరంలో వేసుకుంది. మనవరాలి పక్క కూడా తెచ్చి రేకుల గదిలో నా మంచం పక్కన పరిచింది. ఆ మిద్దె కింద ఎవరినీ ఉంచలేదు. ఇన్నేళ్ళ సర్వీసులో నా మాట నమ్మిన మొదటి మనిషి ఆవిడే.

దగ్గరికి వెళ్ళి అడిగాను. "ఊళ్ళో సెప్పినావా అమ్మా, నాకు తెలీదని?"

"యాల సెప్పల్ల? పిల్లోళ్ళు ఇబ్బుడిబ్బుడే దగ్గు లేకుండా పండుకుంటాండారు."

ఆవిడ పక్కన ఇంకో మంచానికి చోటుంది. ఇంకా వెలుతురు ఉండగానే నేనూ నా మంచం తెచ్చుకుంటానన్నాను. నిజంగానే నాకు ఆ గదిలోకి వెళ్ళబుద్ధి కాలేదు.

ఆవిడ దుప్పటి దులుపుతూ తల అడ్డంగా ఊపింది.

"నువ్వు లోపలికి పో తల్లీ" అంది. "సూసేదానికి వస్తారు."